స్త్రీలపై దౌర్జన్యము – సహకార సంఘ సభ్యుల కర్తవ్యము

(గ్రామ పఠన మండలులందు చదివి చర్చించుటకు)

2021–22 పంటకాలమున నల్ల తామరపురుగు గుంటూరు, ప్రకాశము జిల్లాల మిరప తోటలపై బడినప్పుడు, "అది పొరుగువాని చేను, నాకేల?" యని యూరకుండిన రైతు లేడు. పూవులో పురుగు కనబడగనే గట్టుమీదివారిని పిలిచి చూపెను. తన తోటకు వచ్చి తానును చూచుకొనెను. ఏలయన, పురుగునకు గట్టు అడ్డు కాదని యందఱు నెఱుగుదురు. అట్టి రైతే ప్రక్కయింటి యిల్లాలు దెబ్బలు తిని యేడ్చుట విని, "అది వారి సంసారపు సంగతి, మనము కలుగజేసికొనరాదు" అని తలుపు వేసికొనుచున్నాడు. ఇది తగునా? ఇంటిలోపలి దెబ్బ ఊరి సంగతి కాదా? ఊరు పూనుకొనిన దానిని మాన్పవచ్చునా? ఈ పాఠమున విచారింపవలసిన విషయము లివియే.

వ్యాధి యెంత వఱకు వ్యాపించినదో మొదట తెలిసికొందము. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 18 మొదలు 49 ఏండ్ల వయసుగల వివాహితలలో నూటికి 29 మంది భర్తవలన శారీరకముగనో లైంగికముగనో హింస ననుభవించినవారు. మన రాష్ట్రమున ఈ సంఖ్య నూటికి సుమారు 30. దీనికంటె విచారకరమైన సంగతి మఱియొకటి కలదు. దేశమున హింసకు గురియైన స్త్రీలలో నూటికి 14 మంది మాత్రమే యెవరినైనను సహాయ మడిగిరి. అట్లడిగినవారిలోను పెక్కుమంది తమ పుట్టింటివారినే యాశ్రయించిరి. నూఱిండ్ల పల్లెలో ముప్పది యిండ్ల నిట్టి బాధ యుండి, ఆ ముప్పదింటిలో నాలుగైదిండ్లవారు మాత్రమే నోరు విప్పుచున్నారని స్థూలముగ భావింపవచ్చును. మిగిలిన యిండ్ల సంగతి గోడలకును, ప్రక్కయింటివారికిని మాత్రమే తెలియును.

దౌర్జన్య మనగా నేమి?

కఱ్ఱ తీసికొని కొట్టుటయే దౌర్జన్యమని మనలో పెక్కుమంది తలపు. ఇది చాలదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టము దీనిని నాలుగు విధములుగ చెప్పుచున్నది. మొదటిది శరీరమునకు చేయు హాని. రెండవది లైంగికమైన బలాత్కారము. మూడవది మాటలచే మనస్సును గాయపఱచుట. కొడుకును కనలేదని, బిడ్డలు లేరని యెత్తిపొడుచుటయు, కట్నము చాలలేదని దూషించుటయు ఇందు చేరును. నాలుగవది ధనసంబంధమైనది. ఈ నాలుగవ దానిని మన ప్రాంతమున నేరముగ నెంచువారు అరుదు.

దీని నొకింత విప్పి చూతము. దినమంతయు వంగి ప్రత్తి తీసిన భార్య కూలిని భర్త మేస్త్రీయొద్దనే పుచ్చుకొనును. పుట్టింటివా రిచ్చిన గొలుసును ఆమె నడుగకయే పెట్టుబడికి తాకట్టు పెట్టును. పొదుపు సంఘమునుండి అప్పు తెమ్మని నిర్బంధించి, తెచ్చిన సొమ్మును తాను వాడుకొని, వాయిదా భారమును ఆమె తలపై మోపును. ఇల్లు నాది, పొమ్మని రాత్రివేళ వెలుపలికి నెట్టును. వీనిలో ఒక్కదానను చేయి లేవకపోవచ్చును. అయినను ఇవి దౌర్జన్యములే. చేతిలో రూపాయి లేని స్త్రీ దెబ్బ తినిన నాడు బస్సెక్కి పుట్టింటికైనను పోజాలదు. కావున ధనమును లాగికొనుట తక్కిన మూడు దౌర్జన్యములకును త్రోవ చేయుచున్నది.

నెపము వేఱు, కారణము వేఱు

"పంట పోయినది, అప్పు పెరిగినది, మనస్సు చెడి చేయి చేసికొనినాడు, పాపము" అని సానుభూతితో పలుకువారు మన యూళ్లలో కలరు. ప్రత్తి మిరప సేద్యము జూదమువంటిదను మాట నిజమే. 1987–88 లో తెల్లదోమవలన ప్రత్తి నాశనమై గుంటూరు, ప్రకాశము రైతులలో ననేకులు ప్రాణములు తీసికొనిరి. కౌలు హెచ్చు, మందుల ఖర్చు హెచ్చు, ధర మన చేతిలో లేదు. ఈ కష్టమును తక్కువ చేసి చెప్పువారము కాము.

అయినను ఒక్క ప్రశ్న వేసికొనుడు. మిరప యార్డులో ధర తెగగొట్టిన వ్యాపారిపై ఆ రైతు చేయి యెత్తెనా? నకిలీ విత్తనము లమ్మిన దుకాణదారుని జుట్టు పట్టుకొనెనా? అప్పు నిరాకరించిన బ్యాంకు అధికారిని చెంపపై కొట్టెనా? లేదు. అచ్చట కోపమును దిగమ్రింగెను. కొట్టిన తిరుగబడదని, అడుగువారు లేరని తెలిసిన చోటనే ఆ కోపమును చూపెను. కోపము ఆపుకొనలేనివాడు కాడు; ఎచ్చట ఆపుకొనవలెనో యెఱిగినవాడు. పంట పోయిన ప్రతి యింటను భార్యను కొట్టుట లేదు. నిండుగ పండిన యిండ్లలోను కొట్టుచున్నారు. కావున నష్టము, అప్పు, త్రాగుడు దౌర్జన్యమును పెంచునవే కాని మూల కారణములు కావు. భార్యపై తనకు సర్వాధికారము కలదను తలపును, తన్ను ఎవ్వరు నడుగరను ధైర్యమును కలిసి మూల కారణమగుచున్నవి. మొదటిది మాన్పుటకు కాలము పట్టును. రెండవదానిని ఊరు తలచుకొనిన రేపే తొలగింపవచ్చును.

దూబగుంట నేర్పిన పాఠము

స్త్రీల కష్టమును బహిరంగముగ చర్చించుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. ఉన్నవ లక్ష్మీబాయమ్మగారు 1922 లో గుంటూరులో శారదానికేతనమును స్థాపించి బాలికలకును, దిక్కులేని స్త్రీలకును విద్య యొసగిరి. కాని విద్యావంతులు స్థాపించిన సంస్థ యొకటి. పల్లె కూలి స్త్రీలు తమంతట నడపిన యుద్యమ మొకటి. ఈ రెండవదానిని చూచుటకు ప్రకాశము జిల్లాకు దక్షిణమున నున్న నెల్లూరు జిల్లాకు పోవలెను.

1990ల యారంభమున ఆ జిల్లాలో సంపూర్ణాక్షరాస్యతా యుద్యమము నడచెను. పగలెల్ల పొలము పని చేసిన స్త్రీలు రాత్రులందు ఒకచోట కూడి పలక పట్టిరి. వారి వాచకములో త్రాగుడుచే చెడిన సంసారమును గూర్చిన పాఠము కలదు. అక్షరములు గుర్తించు పాటి చదువుతోనే వారు ఆ కథను తమ యిండ్లతో పోల్చి చూచుకొనిరి. కూలి డబ్బు సారాయంగడికి పోవుటయు, రాత్రి దెబ్బలును ప్రతి యింటనున్న సంగతియే యని మొదటిసారి యొకరి కొకరు చెప్పుకొనిరి. 1992 నాటికి కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు తమ యూర సారాయి రాకుండ అడ్డగించిరి. వారిలో వర్ధినేని రోశమ్మ పేరు నేటికిని దూబగుంట రోశమ్మగా ప్రసిద్ధము. వారి కథయే పిమ్మట వాచకమున పాఠమై యితర గ్రామముల చదువరులకు చేరినది. ఊరూర స్త్రీలు లేచిరి. నెల్లూరులో సారా వేలములు జరుగకుండ చేసిరి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను.

ఇందు మనము గ్రహింపవలసినవి నాలుగు. ఒకటి: వారికి చెప్పిన పాఠము వారి యింటి పాఠము, పట్టణమునుండి వచ్చిన యుపన్యాసము కాదు. రెండు: వారు కూడినది ఏడాది కొకసారి కాదు; ప్రతి రాత్రియు. మూడు: ఒక్కొక్క యిల్లాలు తన భర్తతో నొంటిగ పోరాడలేదు, అందఱు కలిసి అంగడి ముందు నిలిచిరి. నాలుగవది హెచ్చరిక: మద్యనిషేధము 1997 లో సడలింపబడెను, దుకాణములు మరల తెఱువబడెను. చట్టము వచ్చును, పోవును. స్త్రీలు కూడి మాటలాడుకొను నలవాటు మాత్రము పోరాదు. ఆ యుద్యమమునుండియే నెల్లూరు జిల్లాలో పొదుపు సంఘములు బలపడుట ఆ యలవాటు నిలిచినదనుటకు సాక్ష్యము.

ఇతర చోట్ల యనుభవము

ప్రబోధమువలన దెబ్బలు నిజముగ తగ్గునా యని సందేహించువారికి ఆఫ్రికాలోని ఉగాండా దేశపు టుదాహరణము చెప్పదగును. కంపాలా నగరమున "సాసా" యను కార్యక్రమము నడచెను. ఆ మాటకు వారి స్వాహిలీ భాషలో "ఇప్పుడే" యని యర్థము. ఆయా పేటలలోని సామాన్య స్త్రీపురుషులే శిక్షణ పొంది, అంగళ్లయొద్దను, వాకిళ్లయొద్దను నలుగురైదుగురితో కూర్చుండి, అధికార మెవరిది, దాని నెట్లు వాడుచున్నామని తడవ తడవకు చర్చించిరి. 2008–2012 నడుమ ఈ పని జరిగిన పేటలను జరుగని పేటలతో పోల్చి చూడగా, భర్తలవలని శారీరక హింస జరిగిన పేటలలో 52 శాతము తక్కువగ నుండెను. ఒక్క సభవలన వచ్చిన ఫలము కాదిది. ఏండ్ల తరబడి సాగిన సంభాషణల ఫలము.

మన దేశముననే 2008 లో "బెల్ బజావో" యను ప్రచారము ఆరంభమైనది. ప్రక్కయింట కేక వినబడిన, పోయి గంట మ్రోగింపుము, ఏదో యొక చిన్న వస్తువడుగుము, అంతే. లోపలివానికి "వినుచున్నవారు కల"రని తెలియును. మన పల్లెలలో గంట లేకున్న నేమి? మజ్జిగ కొఱకో, నిచ్చెన కొఱకో గుమ్మము ముందు నిలిచి పిలువవచ్చును.

కేరళలోని తిరువనంతపురము జిల్లాలో జరిగిన పరిశోధన యొకటి 2005 లో ప్రకటింపబడెను. ఆస్తి యేమియు లేని స్త్రీలలో నూటికి 49 మంది శారీరక హింసకు గురియైరి. తమ పేర భూమి గలవారిలో 18 మంది, ఇల్లు గలవారిలో 10 మంది, రెండును గలవారిలో 7 గురు మాత్రమే యట్లు బాధపడిరి. పోవుటకు చోటున్న స్త్రీపై చేయి యెత్తుటకు జంకుదురని దీనివలన తేలుచున్నది. మన రాష్ట్రమున 1986 నాటి చట్టసవరణముచే ఉమ్మడి హిందూ కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు సమాన భాగము కల్పింపబడినది. 2005 లో దేశమంతటికిని ఆ హక్కు వచ్చినది. పసుపు కుంకుమల పేర కొంచె మిచ్చి, తక్కిన భాగము వదలుకొన్నట్లు కూతుచే వ్రాలు చేయించు తండ్రి, ఆమెకు రక్షణగా నుండదగిన గోడను తానే పడగొట్టుచున్నాడు.

చట్టమున సభ్యు లెఱుగవలసినవి

గృహహింస నిరోధక చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులో నున్నది. దీని క్రింద బాధితురాలు రక్షణాధికారి ద్వారమునగాని, తానే గాని మేజిస్ట్రేటునకు దరఖాస్తు చేసికొనవచ్చును. సాధారణముగ మూడు దినములలోపల మొదటి విచారణ జరుగవలెను. అరువది దినములలో ముగింప యత్నింపవలెను. ఇల్లు భర్త పేరనో అత్తమామల పేరనో యున్నను ఆమెను వెడలగొట్టరాదని యుత్తరువు పొందవచ్చును. మనోవర్తి, వైద్యపు ఖర్చులు, బిడ్డల తాత్కాలిక సంరక్షణ కూడ కోరవచ్చును. రక్షణ యుత్తరువును మీఱినవానికి ఒక యేడాది వఱకు ఖైదుగాని, 20,000 రూపాయల వఱకు జుర్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

పొరుగువారు ముఖ్యముగ నెఱుగవలసినది ఆ చట్టములోని 4వ విభాగము. హింస జరుగుచున్నదని నమ్మిన యెవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్బుద్ధితో తెలిపినవారిపై ఏ బాధ్యతయు నుండదు. "మనకేల యీ కోర్టుల గొడవ" యను భయమునకు ఇందు తావు లేదు.

భర్తగాని అతని బంధువులుగాని పెట్టు క్రూరహింసను భారతీయ న్యాయ సంహితలోని 85వ విభాగము మూడేండ్ల వఱకు ఖైదుతో శిక్షించుచున్నది. 2024 జూలై 1కి పూర్వము ఇది శిక్షాస్మృతిలోని 498–ఏ విభాగముగ నుండెను. కట్నము నిచ్చుటయు, పుచ్చుకొనుటయు 1961 నుండి నేరములే. అత్యవసరమున 112 సంఖ్యకును, స్త్రీల సహాయమునకు 181 కిని, బాలికల విషయమున 1098 కిని ఫోను చేయవచ్చును. వీనికి రుసుము లేదు.

చేలలో పనిచేయు స్త్రీల సంగతి

మిరపకాయ కోతకు ఏటేట కర్నూలు పడమటి ప్రాంతములనుండి స్త్రీలు బిడ్డలతో వచ్చి, చేల ప్రక్క పాకలలో నెలల తరబడి నివసింతురు. వారికి మన యూర బంధువులు లేరు. వారి కష్టము వినువారు లేరు. ఇక్కడ మన సభ్యులు పొరుగువారు మాత్రమే కారు, యజమానులు. 2013 నాటి కార్యస్థల లైంగిక వేధింపుల నిరోధక చట్టము వ్యవసాయ కూలీలకును వర్తించును. పదిమందికి లోబడిన పనివారున్న చోటులందును, యజమానిపైననే ఫిర్యాదున్న చోటులందును, జిల్లాలోని స్థానిక సంఘమునకు మూడు మాసములలోపల ఫిర్యాదు చేయవచ్చును. వ్రాయలేని స్త్రీకి వ్రాసి పెట్టవలెనని చట్టమే చెప్పుచున్నది. రైతు చేయదగినది కఠినమైన పని కాదు. కూలి డబ్బు పనిచేసిన స్త్రీ చేతికే యిచ్చుట. మఱుగుదొడ్డి, స్నానమునకు చాటు, రాత్రి దీపము ఏర్పఱచుట. చీకటి పడక మునుపే పని ముగించుట. మేస్త్రీ నోటి దురుసును సహింపకుండుట. ఇంతే.

సంఘములు చేయదగిన పని

ఏడాది కొక సభ జరిపి, బ్యానరు కట్టి, ఛాయాచిత్రము తీసికొనుట ప్రబోధము కాదు. పైరును చూచినట్లే దీనిని పంటకాలము పొడుగున చూచుకొనవలెను.

1. జూన్, జూలై నెలలలో పంట ఋణమునకై సభ్యులందఱు కార్యాలయమునకు వత్తురు. పైని చెప్పిన ఫోను సంఖ్యలను గోడపై పెద్ద యక్షరములతో వ్రాయించుడు. భార్య నగలు తాకట్టు పెట్టుచున్న వానిని "ఆమెను అడిగితివా?" యని కార్యదర్శి యడుగవలెను.

2. వర్షాకాలమున ఇద్దఱు స్త్రీలు, ఇద్దఱు పురుషులతో చిన్న యుపసంఘము నేర్పఱచుడు. గ్రామ పొదుపు సంఘముల స్త్రీలను సంప్రదించి యెన్నుకొనుడు. వినిన సంగతి నాలుక దాటనీయనివారే యిందు తగినవారు. పురుషులతో పురుషులే మాటలాడుట మేలు. రచ్చబండపై తోటి రైతు చెప్పిన మాట అధికారి చెప్పినదానికంటె లోతుగ నాటును.

3. నవంబరు 25 మొదలు డిసెంబరు 10 వఱకు స్త్రీలపై హింసకు ప్రతిగా పదునాఱు దినముల ప్రచారము లోకమంతట జరుగును. అది మనకు ప్రత్తి తీయు కాలము. కావున సభ కార్యాలయమున గాక చేనిగట్టుపై, మధ్యాహ్నపు భోజన వేళ జరుపుడు.

4. ఫిబ్రవరి మొదలు వేసవి వఱకు మిరప యమ్మి చేత డబ్బాడు దినములు, పెండ్లిండ్ల దినములును. పంట సొమ్మును భార్యాభర్తల యుమ్మడి ఖాతాలో వేయుటను ప్రోత్సహింపుడు. పదునెనిమిదేండ్లు నిండని బాలిక పెండ్లికి సభ్యులెవ్వరును పోరాదని తీర్మానింపుడు.

5. పురుగుమందులను ఇంటి మూలలందుంచక తాళము గల పెట్టెలో నుంచుడు. మనస్సు విఱిగిన యొక్క ఘడియలో అందుబాటున నున్న డబ్బాయే ప్రాణము తీయుచున్నది. అట్టి నిరాశలో నున్నవారిని ఒంటరిగ విడువక, 14416 సంఖ్యకు ఫోను చేయించుడు.

6. స్వయముగ సేద్యము చేయు స్త్రీలను, కౌలుదారు స్త్రీలను సంఘమున సభ్యులుగ చేర్చుకొనుడు. వోటు లేని చోట వారి మాట కెవ్వరును విలువ నీయరు.

కేక వినినప్పుడు ఏమి చేయవలెను? ఒంటిగ పోకుడు; ఇద్దఱు ముగ్గురు కలిసి పోయి గుమ్మమునుండి పిలువుడు. వానితో కలియబడకుడు. ఆయుధము కనబడిన వెంటనే 112 కు ఫోను చేయుడు. పిమ్మట ఆమెతో విడిగ మాటలాడి, ఆమె యేమి కోరునో యడుగుడు. ఆమె యిష్టము లేక ఆమె సంగతిని ఊర చాటకుడు. అన్నిటికంటె ముఖ్యముగ, పెద్దమనుషుల పంచాయతి పెట్టి "సర్దుకొని పొమ్మ"ని పంపి, తీర్పు చెప్పితిమని సంతసింపకుడు. సర్దుకొనవలసినది కొట్టినవాడు కాని, దెబ్బ తినినది కాదు.

సహకార మనగా ఒకని కష్టమును పదిమంది పంచుకొనుట. విత్తనములకును, ఎరువులకును, అప్పులకును మనమీ ధర్మమును పాటించుచున్నాము. సభ్యుని పేరు మన రిజిస్టరులో నున్నది. ఆ సేద్యమును సగము మోయు నిల్లాలి పేరు అందు లేకపోయినంతమాత్రమున ఆమె కష్టము సంఘమునకు వెలుపలిది కాజాలదు. వచ్చు మాసపు సమావేశమున నీ విషయమును కార్యక్రమ పట్టికలో చేర్చుట ప్రతి సంఘమునకును విధి.

చర్చకు ప్రశ్నలు

1. ధనసంబంధమైన దౌర్జన్యమునకు మీ గ్రామమున కనబడు ఉదాహరణములు మూడు చెప్పుడు.

2. దూబగుంట స్త్రీల విజయమునకు కారణము లేవి? 1997 తరువాతి యనుభవము మన కేమి నేర్పుచున్నది?

3. మీ చేలో పనిచేయు స్త్రీలకు కూలి ఎవరి చేతి కిచ్చుచున్నారు? ఏల?

4. రాత్రివేళ ప్రక్కయింట కేక వినబడినచో మొదట ఎవరిని పిలిచి వెంట తీసికొని పోవుదురు? ఆ పేర్లను ఇప్పుడే నిర్ణయించుకొనుడు.